శివారులో ఇల్లు: మ్యాప్‌లో వెతకాలా, వెళ్లి చూడాలా?

శివారులో ఇల్లు కొనేముందు మ్యాప్ చూస్తే చాలంటారు కొందరు, స్వయంగా వెళ్లి తిరిగితేనే తెలుస్తుందంటారు ఇంకొందరు. నన్నడిగితే రెండూ కావాలి, కానీ మొదట మ్యాపే.

ఎందుకంటే ఆ స్థలం పాత సంగతి అదే చెబుతుంది. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు చూడొచ్చు, ఇప్పుడు వరుసగా ఇళ్లున్న చోట ఒకప్పుడు చెరువో వాగో ఉంటే అక్కడ బయటపడుతుంది, ఎంత తిరిగినా కంటికి కనపడనిది అదే. వరద మ్యాపులో ఏటా 1 శాతం ముప్పు అని ఉంటే తక్కువే కదా అని వదిలేయకండి. 30 ఏళ్ల లోన్ తీరేలోపు ఒక్కసారైనా నీళ్లు వచ్చే అవకాశం దాదాపు 26 శాతం!

బడి, ఆసుపత్రి ఎంత దూరమో కూడా మ్యాప్ చెబుతుంది. మధ్యలో రైల్వే గేటు పడితే ఎంతసేపు ఆగాలో, గాలి తిరిగితే మురుగు వాసన వస్తుందో లేదో, రాత్రి లారీల మోత ఎంతో మాత్రం వెళ్తేనే తెలుస్తుంది. సెలవు రోజు మధ్యాహ్నం వెళ్తే ఏ ఊరైనా ప్రశాంతంగానే ఉంటుంది. ఆఫీసు టైములో ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి, కుదిరితే గట్టి వాన పడ్డ మర్నాడు వెళ్లండి. గోడల అడుగు భాగం వంగి చూడండి, అడ్డంగా మరక, తెల్లటి ఉప్పు పొర, లేదా అక్కడి వరకే కొత్త రంగు ఉంటే అనుమానించాల్సిందే. పెద్ద వానలకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పక్కింటివాళ్లనే అడగండి, అమ్మేవాళ్లు తమంతట తాము చెప్పడం అరుదు.