సిరంజి పంపులో డోస్ మోడ్: రెండేళ్లు వాడాక

గుంటూరు కొత్తపేటలో చిన్న ఐసీయూ మాది. సిరంజిలోని మందుని గంటకి ఇంతని నెట్టే సిరంజి పంపులు వచ్చాక నాకు ప్రాణం లేచొచ్చింది డోస్ మోడ్ వల్లే. పేషెంటు బరువు, కలిపిన మందు, కిలోకి నిమిషానికి ఎన్ని మైక్రోగ్రాములు కావాలో ఎక్కిస్తే, గంటకి ఎన్ని మి.లీ. వెళ్లాలో అదే లెక్క కట్టుకుంటుంది. బీపీ పడిపోయి, డాక్టరు గారు "నార్అడ్ (బీపీ పెంచే నార్అడ్రినలిన్) 0.1లో స్టార్ట్ చెయ్యండి సిస్టర్" అంటూంటే, తలుపు దగ్గర పేషెంటు తాలూకు వాళ్లు ఏడుస్తూంటే, గుణకారాలు చేయడం ఎంత టెన్షనో చేసినవాళ్లకే తెలుసు. అంతకుముందు మైక్రో డ్రిప్ సెట్టు పెట్టి, 60 చుక్కలకి ఒక మి.లీ. అనుకుని, వాచీ చూస్తూ లెక్కపెట్టేవాళ్లం. పేషెంటు చెయ్యి మడిస్తే మళ్లీ మొదటికే.

పురుగుమందు విషానికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్‌కి మాత్రం ఈ మోడ్‌తో పెద్దగా పని లేదు. పల్నాడు వైపు నుంచి పురుగుమందు తాగిన కేసులు వస్తుంటాయి. గుండెల్లో చెమ్మ ఆరేదాకా ఎంత మందు పట్టిందో కూడి, అందులో 10 నుంచి 20 శాతం గంటకి నడిపిస్తాం. ఆంపూల్లో ఉండేది 0.6 మి.గ్రా. 50 మి.లీ. సిరంజి నిండాలంటే 50 ఆంపూల్స్ విరవాలి. వేళ్లకి గాజు కోసుకోవడం మామూలే.

ఇక నా అసలు కోపం. ఓ రాత్రి పక్క బెడ్ దగ్గరి పంపు తెచ్చి కొత్త పేషెంటుకి పెట్టాం. మనిషి 60 కిలోలు. 4 మి.గ్రా. నార్అడ్రినలిన్ 50 మి.లీ.కి కలిపాం, అంటే మి.లీ.కి 80 మైక్రోగ్రాములు. 0.1 అంటే నిమిషానికి 6, గంటకి 360, వెళ్లాల్సింది 4.5 మి.లీ. స్క్రీన్ మీద పెద్ద అంకెల్లో 0.10 సరిగ్గానే ఉంది. కింద చిన్న అంకెల్లో గంటకి 6.4 మి.లీ. "డోస్ కరెక్టే కదక్కా" అంది జూనియర్. స్టార్ట్ నొక్కనివ్వలేదు. మెనూలో చూస్తే బరువు 85! అంతకుముందు పేషెంటుది. ఆపి ఆన్ చేసినా ఈ మోడల్ పాత బరువునే పట్టుకుని ఉంటుంది, కొత్త పేషెంటా అని అడగదు.

అలాగే వదిలితే వెళ్లేది 0.14, చూపేది 0.10. బీపీ చూసుకుంటూ డోస్ తగ్గిస్తాం కాబట్టి వెంటనే ప్రమాదం లేకపోవచ్చు. కానీ పేషెంటు చార్టులోకి ఎక్కేది ఆ తప్పుడు అంకే. డోస్ 0.25 దాటుతోంటే బీపీ పెంచే ఇంకో మందు వాసోప్రెసిన్ కలపాలా అని డాక్టర్లు ఆలోచించేది దాన్ని చూసే. కంపెనీ మనిషికి చెబితే సెట్టింగులో మార్చొచ్చన్నాడు. ఇంతవరకూ మార్చలేదు.

ఈ మోడ్ ఉంటే గోడ మీద మి.లీ. లెక్కల చార్టు ఎందుకని మొదట్లో అనేదాన్ని. ఇప్పుడు చార్టు అక్కడే ఉంది. స్టార్ట్ నొక్కేముందు మి.లీ. అంకె దాంతో కలవాల్సిందే. బరువు ప్లాస్టర్ ముక్క మీద రాసి పంపుకి అంటిస్తున్నాం.

రాత్రిపూట ఇద్దరమే ఉండే మా ఐసీయూకైతే డోస్ మోడ్ లేని పంపు వద్దే వద్దంటాను. ప్రతి బెడ్‌కీ ఓ సిస్టర్ ఉండి, పంపులు బెడ్లు మారని చోట ఈ బాధ అంతగా తెలియకపోవచ్చు. కొనేవాళ్లు మాత్రం డెమో రోజున బరువు ఎక్కించి, పంపు ఆపి, మళ్లీ ఆన్ చేయించండి. పాత బరువే వస్తే, అది మార్చి ఇచ్చాకే డబ్బు కట్టండి.