మంచులో స్పోర్ట్స్ కారు: నాలుగు చలికాలాల తర్వాత

వెనక ఇంజన్, వెనక చక్రాలకే పవర్, 400 పైచిలుకు హార్స్‌పవర్. "దీన్ని మంచులో కూడా తీస్తావా?" అని నాలుగేళ్లుగా అడుగుతూనే ఉన్నారు. తీస్తాను, రోజూ.

మొదటి ఏడాది మాత్రం బుద్ధితక్కువ పని చేశాను. ఇంకా మంచు పడలేదు కదా అని సమ్మర్ టైర్లతోనే లాగించాను. వాటికి మంచు కన్నా ముందు చలే శత్రువు. సుమారు 7 డిగ్రీల కిందికి దిగితే ఆ రబ్బరు గట్టిపడి పట్టు వదిలేస్తుంది. తొలి మంచు రోజున మనిషి నడిచే వేగంతో చిన్న వాలు దిగుతూ బ్రేక్ తొక్కాను. బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పాదం కింద టకటకా కొట్టుకుంటోంది, కారు దాని మానాన అది జారిపోతోంది. ఫుట్‌పాత్ అంచుకి రిమ్ము గీసుకున్నాక గానీ ఆగలేదు.

మర్నాడే వింటర్ టైర్లు వేయించాను. పక్కన మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచురేకు గుర్తు ఉన్నవి. రిమ్ములు కూడా 20 అంగుళాల నుంచి 19కి దించి, టైరు ఒక సైజు సన్నది తీసుకున్నాను. బండి కాస్త పీలగా కనిపిస్తుంది, నిజమే. కానీ వెడల్పు టైరు మంచు మీద తేలితే, సన్నది కోసుకుంటూ దిగుతుంది. ఇంజన్ బరువు తిరిగే చక్రాల మీదే ఉంటుంది కాబట్టి ఎత్తు ఎక్కడం ఇంత సులువా అనిపించింది. మలుపుల్లోనే జాగ్రత్త. ముందు భాగం తేలిక కదా, వేగం ముందే తగ్గించకపోతే స్టీరింగ్ తిప్పినా తిన్నగా పోతుంది. కంగారుపడి యాక్సిలరేటర్ టక్కున వదిలేస్తే వెనక భాగం తిరిగిపోతుంది.

టైర్లు తీర్చలేనిది ఎత్తు సమస్య. బంపర్ కింద జానెడు ఖాళీ కూడా లేదు. ఒకసారి పొట్ట మంచు మీద ఆనిపోయి వెనక చక్రాలు ఊరికే తిరిగాయి. చక్రాలు జారితే పవర్ తగ్గించేసే ట్రాక్షన్ కంట్రోల్ ఆపి, ముందుకీ వెనక్కీ ఊపి ఎలాగో బయటపడ్డాను. రాత్రి బాగా కురిస్తే ఇప్పుడు బస్సే.

తలుపు అద్దానికి ఫ్రేము లేదు. హ్యాండిల్ లాగగానే అద్దం కొద్దిగా కిందికి దిగాలి, అప్పుడే తలుపు సాఫీగా వస్తుంది. గడ్డకట్టిన పొద్దున అది దిగదు. బలవంతంగా లాగితే తలుపు వచ్చింది గానీ మళ్లీ మూసుకోదు! అప్పటి నుంచి అద్దం గడ్డకట్టి అంటుకోకుండా రబ్బరు పట్టీలకి సిలికాన్ రాస్తున్నాను.

రెండో ఏడాది హైవే మీద 80 దాటగానే స్టీరింగ్ వణకడం మొదలైంది. బేరింగ్ పోయిందని ఒకటే టెన్షన్. మెకానిక్ చక్రం లోపలికి చెయ్యి పెట్టి, రిమ్ముకి ఒకవైపు గడ్డకట్టిన మంచు ముద్ద ఊడదీసి నా చేతిలో పెట్టాడు. డబ్బులు కూడా తీసుకోలేదు.

రోడ్డు మీద చల్లే ఉప్పు వల్ల రెండు వారాలకోసారి బండి అడుగు భాగం కడిగిస్తున్నాను. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పడిపోతే టైర్లో గాలి ఒత్తిడి సుమారు 2 పీఎస్ఐ తగ్గుతుంది, అదీ చూసుకోవాలి. ఈ సెట్ గాడి లోతు 4 మిల్లీమీటర్లకి వచ్చేసింది. వచ్చే చలికాలానికి మళ్లీ 19 అంగుళాలవే కొంటాను.