ఫ్లోరిడా మెడికల్ మారిజువానా కార్డు రెన్యువల్: ఏళ్ల తరబడి వాడినవాళ్ల మాట

ఫ్లోరిడాలో వైద్యానికి గంజాయి కొనుక్కోవడానికి రాష్ట్రం ఇచ్చే ఈ కార్డును ఏటా రెన్యూ చేయిస్తూ వచ్చాక తేలింది ఇది: రాష్ట్రం చేయాల్సిన పని ఫర్వాలేదు, డాక్టరు వైపు పనే జేబుకు చిల్లు. గందరగోళమంతా గడువులు రెండు ఉండటం వల్ల వస్తుంది. కార్డుకి ఏడాది. గంజాయి వాడవచ్చని డాక్టరు ఇచ్చే సర్టిఫికేషన్‌కి 210 రోజులు. కార్డు మీద అచ్చయిన తేదీ ఒక్కటే చూసుకుని ధీమాగా డిస్పెన్సరీకి, అంటే గంజాయి అమ్మే దుకాణానికి, వెళ్తే, కౌంటర్లో కంప్యూటర్ చూసి యాక్టివ్ ఆర్డర్ (ఏది ఎంత కొనవచ్చో డాక్టరు రాసేది) లేదంటారు. కార్డు పనిచేయడం లేదని వాపోయేవాళ్లలో చాలామందికి నిజానికి అయిపోయింది కార్డు కాదు, సర్టిఫికేషన్.

లెక్క ఎంత పొంతన లేకుండా ఉందో చూడండి. జనవరి మొదట్లో డాక్టరుకి చూపించుకుంటే జులై నెలాఖరుకి అయిపోతుంది. అప్పుడు మళ్లీ చూపించుకుంటే ఫిబ్రవరి చివరి దాకా వస్తుంది. ఏడాదికి ఒక్కసారి చాలదు, రెండోసారి వెళ్తే కొంత మిగిలిపోతుంది. రాష్ట్రం ఫీజు 75 డాలర్లు, ఆన్‌లైన్లో కడితే ఇంకో 2.75. డాక్టరు ఫీజు మాత్రం క్లినిక్‌ని బట్టి ఉంటుంది, ఇన్సూరెన్స్ దానికి పనికిరాదు. ఏడాది ఖర్చులో పెద్ద వాటా అదే.

రీసర్టిఫికేషన్‌కి 2023 జులై నుంచి వీడియో కాల్ చాలు. అయితే మొదట మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టి పరీక్షించిన డాక్టరే ఆ కాల్ చేయాలి. ఇరవై డాలర్లు తక్కువని వేరే క్లినిక్‌కి మారితే మళ్లీ స్వయంగా వెళ్లాల్సిందే. చౌక ఆఫర్లకి ఆశపడే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

కాల్ పూర్తయ్యాక తప్పక చేయాల్సిన పని ఒకటుంది. వెంటనే రిజిస్ట్రీలో (రాష్ట్రం నడిపే రోగుల వెబ్‌సైట్) లాగిన్ అయి ఆర్డర్లు తెరిచి చూడండి. నూనె, గమ్మీల్లాంటి మామూలు రకాలకి 70 రోజులవి మూడు, పొగ తాగే పువ్వుకి 35 రోజులవి ఆరు దాకా డాక్టరు ఒకేసారి రాయవచ్చు. మొదటి ఆర్డర్ మాత్రమే ఎక్కించి మిగతావి వదిలేసే క్లినిక్‌లు ఉన్నాయి. పువ్వుకి విడిగా ఆర్డర్ పెట్టాలి, అది మర్చిపోవడం మరీ మామూలు. ఆ రోజే ఫోన్ చేస్తే నిమిషాల్లో సరిచేస్తారు. రెండు నెలలు పోయాక అడిగితే ఇంకో అపాయింట్‌మెంట్ అంటారు.

కొత్త సర్టిఫికేషన్ వస్తే కోటా మళ్లీ మొదటి నుంచి మొదలవుతుందనుకోవడం ఇంకో అపోహ. పువ్వు పరిమితి ఏ 35 రోజుల్లోనైనా 2.5 ఔన్సులు, అది రోజురోజుకీ జరుగుతూ ఉండే లెక్క. ఒకటో రోజు ఔన్సు కొంటే ఆ ఔన్సు ముప్పై ఆరో రోజున తిరిగి మీ ఖాతాలోకి వస్తుంది, డాక్టరుని మధ్యలో ఎన్నిసార్లు కలిసినా సరే. మిగతా రకాల మొత్తం పరిమితి 70 రోజులకి 24,500 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ (గంజాయిలో మత్తునిచ్చే పదార్థం).

ఇక కార్డు సంగతి. గడువుకి 45 రోజుల ముందు రెన్యువల్ తెరుచుకుంటుంది. తెరుచుకున్న వారంలోనే పెట్టేయడం మేలు. సర్టిఫికేషన్ కూడా దగ్గర పడుతుంటే ముందు డాక్టరు పని కానిచ్చి తర్వాత కార్డుకి వెళ్లండి. చిరునామా సరిచూసుకుని, ఫ్లోరిడా డ్రైవింగ్ లైసెన్స్ అప్‌లోడ్ చేసి, ఫీజు కట్టడమే. ఆ ఫీజు వెనక్కి రాదు. చెక్కు పోస్టులో పంపే దారీ ఉంది గానీ అనవసరంగా ఆలస్యం. ఆమోదం ఈమెయిల్ రాగానే కొనుక్కోవచ్చు, ప్లాస్టిక్ కార్డు కోసం ఆగక్కర్లేదు. రిజిస్ట్రీలా కనిపించే ప్రైవేటు సైట్లు బోలెడున్నాయి. అడ్రస్ చివర డాట్ గవ్ లేకపోతే డబ్బు కట్టకండి.

దరఖాస్తు ఆగిపోయేది దాదాపు ఎప్పుడూ చిన్న కారణాలకే: లైసెన్స్ గడువు దాటడం, ఫోటోలో మెరుపు పడి అక్షరాలు చెదరడం, ఇల్లు మారినా పాత చిరునామా ఉండిపోవడం. మన పేర్లతో ఇంకో తంటా. ఇంటిపేరు పూర్తిగా రాయాలా, పొడి అక్షరమా, పేరు రెండు ముక్కలా అన్నది లైసెన్స్‌లో ఒకలా, క్లినిక్ రికార్డులో ఇంకోలా ఉంటుంది. క్లినిక్‌లో నోటితో చెప్పకండి, లైసెన్స్ చేతికిచ్చి అక్షరం అక్షరం చూసి ఎక్కించమనండి.

అమెరికా పౌరసత్వం లేనివాళ్లు మాత్రం రెన్యూ చేసే ముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాలి, ఇందులో మొహమాటం వద్దు. రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం వేరు. గంజాయికి సంబంధించిన వ్యవహారం, రాష్ట్ర చట్టానికి లోబడినదైనా సరే, పౌరసత్వానికి కావాల్సిన సత్ప్రవర్తనకి అడ్డు కావచ్చని అమెరికా ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే ఫెడరల్ సంస్థ యూఎస్‌సీఐఎస్ 2019 ఏప్రిల్‌లో స్పష్టంగా చెప్పింది. ఇండియా ప్రయాణమైతే గమ్మీలు, నూనె సీసాలు సూట్‌కేసులో, హ్యాండ్‌బ్యాగులో ఓ మూల ఉండిపోయాయేమో ముందురోజే దులిపి చూసుకోండి. శంషాబాద్‌లో దిగాక వర్తించేది మాదకద్రవ్యాల మీద భారత్‌లో ఉన్న 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అక్కడ ఫ్లోరిడా కార్డు చెల్లదు.