చెవికి సూదులా, నోట్లో గమ్మా? సిగరెట్ మానడానికి ఏది మేలు?

కర్నూలులో మందుల షాపు నడిపేవాళ్లను ఈ మధ్య చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది: "అన్నా, చెవికి సూదులు ఏపిచ్చుకుంటే సిగరెట్టు ఇడిసిపోతాదంట, నిజమేనా?" అడిగినవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ముందు నికోటిన్ గమ్మో మాత్రో, దాంతోపాటు అలవాట్లలో మార్పు. సూదులు ఆ తర్వాత, అదీ చేతిలో డబ్బు ఆడుతుంటే. ఈ వరస ఎందుకో వివరంగా చెప్తాను.

సూదులను, అంటే ఆక్యుపంక్చర్‌ను, కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. వాటికీ ఒక చరిత్ర ఉంది. 1970ల మొదట్లో హాంకాంగ్‌లో హెచ్.ఎల్. వెన్ అనే న్యూరోసర్జన్ ఆపరేషన్లలో నొప్పి తెలియకుండా ఉండటానికి సూదులు గుచ్చి, వాటికి కొద్దిగా కరెంటు పెట్టేవాడు. అలా చేయించుకున్నవాళ్లలో నల్లమందు అలవాటున్నవాళ్లు, తమకు దాని యావ తగ్గిందని చెప్పారు. తర్వాత న్యూయార్క్‌లోని లింకన్ ఆసుపత్రి వాళ్లు కరెంటు తీసేసి, చెవిలో ఐదు చోట్ల సూదులు పెట్టే పద్ధతిని స్థిరపరిచారు. 1985లో నాడా అనే సంస్థ పుట్టాక అదే పద్ధతి ఆ పేరుతో వ్యాపించింది. ఇప్పుడు మత్తు మాన్పించడానికి చెవికి సూదులు పెట్టేవాళ్లలో చాలామంది అనుసరించేది దీన్నే.

చూస్తే భయపడేంత ఏమీ ఉండదు. వెంట్రుకంత సన్నని సూదులు. చెవి మీద గుచ్చినప్పుడు చీమ కుట్టినట్టు చురుక్కుమంటుంది, కాసేపటికి చెవి వెచ్చబడుతుంది. అరగంట నుంచి ముప్పావుగంట కదలకుండా కూర్చోవాలి. కొందరు సూదులకు బదులు చిన్న గింజలను టేపుతో అతికించి, దమ్ము కొట్టాలనిపించినప్పుడల్లా వేలితో నొక్కుకోమంటారు. ఆ ముప్పావుగంట సేపు ఫోన్ లేకుండా, పొగ లేకుండా కూర్చోవడం, "ఈ వారం ఎట్లుంది?" అని ఒకరు అడగడం, ఇవి కూడా పనిచేస్తాయని నా అనుమానం.

ఆ అనుమానానికి ఆధారం ఉంది. వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కాక్రేన్ అనే సంస్థ వాళ్లు 2014లో ఈ విషయం మీద జరిగిన 38 అధ్యయనాలను కలిపి చూశారు. అసలైన చోట సూది గుచ్చినవాళ్లను, ఉత్తుత్తి సూది గుచ్చినవాళ్లను పోలిస్తే, మొదటి కొన్ని వారాల్లో కొంత తేడా కనబడింది. ఆరు నెలలు దాటాక ఆ తేడా నిలిచిందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. నికోటిన్ గమ్ము, ఒంటికి అతికించుకునే నికోటిన్ ప్యాచ్‌లతో పోల్చినప్పుడు సూదులే వెనకబడ్డాయి. సిగరెట్ మానడం అంటే ఆరు వారాలు ఆపడం కాదు కదా.

ఇప్పుడు గమ్ము సంగతి. ఎవరి సాయమూ లేకుండా మొండిగా మానేసినవాళ్లలో వందకు ముగ్గురో ఐదుగురో మాత్రమే ఆరు నెలలు, ఏడాది తర్వాత కూడా నిలబడతారు. గమ్ము, ప్యాచ్ లాంటివి వాడితే ఆ అవకాశం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. ఇదేదో అద్భుతమని చెప్పను, కానీ సూదులకు ఈపాటి రుజువు కూడా లేదు.

గమ్ము పనిచేయలేదని తిరిగొచ్చేవాళ్లలో ఎక్కువమంది దాన్ని తప్పుగా నమిలినవాళ్లే. మామూలు బబుల్‌గమ్ నమిలినట్టు పరపరా నమిలి, ఊరిన లాలాజలాన్ని మింగేస్తారు. దాంతో ఎక్కిళ్లు, గుండెలో మంట. "ఇది నాకు పడదన్నా" అని రెండోరోజే స్ట్రిప్ వెనక్కి తెస్తారు. మెల్లగా కొన్నిసార్లు నమలాలి. నాలుకకు ఘాటు తగలగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ నాలుగు నములులు, మళ్లీ పక్కన పెట్టడం. ఇట్లా అరగంట. నికోటిన్ నోటి లోపలి చర్మం గుండా ఎక్కాలే గాని కడుపులోకి పోకూడదు. టీ, కాఫీ, కూల్‌డ్రింక్ తాగిన పావుగంట దాకా గమ్ము వేసుకోవద్దు, నోట్లో పులుపు ఉంటే నికోటిన్ సరిగా ఎక్కదు. రెండు మిల్లీగ్రాముల గమ్ముకు చీటీ అక్కర్లేదు, నాలుగు మిల్లీగ్రాములకు డాక్టర్ చీటీ కావాలి.

మాత్రల విషయం క్లుప్తంగా చెప్తా. వరెనిక్లిన్, బుప్రోపియాన్ రెండూ డాక్టర్ చూసి రాయాల్సినవే. ఫిట్స్ వచ్చేవాళ్లకు బుప్రోపియాన్ పనికిరాదు. రెండింటిలో వరెనిక్లిన్‌దే పైచేయి.

అసలు గట్టి పోటీ గమ్ముకూ సూదులకూ మధ్య లేదు, టీ బంకుతో ఉంది. రాజ్‌విహార్ సెంటర్‌లో సాయంత్రం ఆరింటికి చూడండి. ఎడమ చేతిలో టీ గ్లాసు పడగానే కుడి చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. ఆ చేతిని సూదులూ గమ్మూ ఆపలేవు. లూజు సిగరెట్ల వల్ల మరో ఇబ్బంది: ఒక్కోటి కొనేవాడికి రోజుకు ఎన్ని కాలుస్తున్నాడో లెక్కే తెలియదు. అడిగితే "నాలుగైదు" అంటాడు. బంకు అతన్నడిగితే వేరే అంకె చెప్తాడు.

టీతో చాలామందికి తెలియని తిరకాసు ఇంకొకటి ఉంది. పొగలోని పదార్థాల వల్ల కాలేయం కెఫీన్‌ను త్వరత్వరగా వదిలించేస్తుంటుంది. పొగ ఆగగానే ఆ వేగం తగ్గుతుంది. రోజూ తాగే టీలే తాగినా ఒంట్లో కెఫీన్ చాలా పెరుగుతుంది. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, ఊరికే టెన్షన్ మొదలవుతాయి. వాటన్నిటికీ సిగరెట్ మానడమే కారణమనుకుని మళ్లీ వెలిగిస్తారు. మానిన మొదటి వారం టీలు సగానికి తగ్గించండి, వీలైతే బంకు కూడా మార్చండి. మజ్జిగకు మారినా మంచిదే.

దమ్ము మీద యావ ఒకసారి వస్తే కొన్ని నిమిషాలే ఉంటుంది. ఆ కాసేపూ గడవడానికి కొండారెడ్డి బురుజు చుట్టూ ఒక చుట్టు నడిచినా చాలు, ఎండాకాలమైతే పొద్దున్నో సాయంత్రమో. నడక ఆ క్షణంలో యావను తగ్గిస్తుందని పరీక్షల్లో తేలింది. నోటికి సోంపు, బొరుగులు, దోసకాయ ముక్కలు. వేయించిన బుడ్డలైతే గుప్పెడుతో ఆపండి. మానినవాళ్లు మొదటి ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు పెరుగుతారు, దానికి తోడు రోజూ ఉగ్గాని బజ్జి అంటే కష్టం.

"నేను కాల్చేది బీడీయే, ఆకే కదా" అనేవాళ్లకు ఒక మాట. పొగాకు వాడకం మీద 2016-17లో జరిగిన సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో 7.7 శాతం బీడీ తాగుతుంటే, సిగరెట్ తాగేవాళ్లు 4 శాతమే. బీడీ ఊరికే ఆరిపోతుంది కాబట్టి గట్టిగా, తరచుగా పీల్చాలి. నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ ఏమీ తక్కువ లోపలికి పోవు. పైన చెప్పిన గమ్ము, నడక, టీ తగ్గించడం వీళ్లకూ వర్తిస్తాయి. బీడీ మానడానికి ఖైనీ పట్టుకోవడం మాత్రం అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేయడమే.

మరి ఎవరికి ఏది? నేను మొదట అడిగేది, పొద్దున లేచాక మొదటిది ఎప్పుడు వెలిగిస్తారని. అరగంట లోపే అంటే ఒంటికి నికోటిన్ ఆకలి గట్టిగా ఉన్నట్టు. వాళ్లకు అలవాట్ల మార్పు ఒక్కటే సరిపోదు. నాలుగు మిల్లీగ్రాముల గమ్మో, ప్యాచ్‌కు గమ్ము కలిపో, మాత్రో కావాలి. స్నేహితులు కలిసినప్పుడో, బంకు దగ్గరో మాత్రమే కాల్చేవాళ్లు ముందు దారీ వేళా మార్చుకుని చూడొచ్చు. సూదులు ఎవరికంటే, గమ్ము పడనివాళ్లకు, లేదా గమ్ము వాడుతూనే మొదటి రెండు మూడు వారాల చిరాకు తట్టుకోవడానికి ఇంకో ఆసరా కోరేవాళ్లకు. సిట్టింగ్‌కు ఇంతని డబ్బు పోతుంది, పని మానుకుని వెళ్లాలి. సూది ప్యాకెట్ మీ కళ్ల ముందు విప్పాలి, ఒకసారి వాడింది పారేయాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ముందే చెప్పాలి. "ఒక్క సిట్టింగ్‌తో గ్యారంటీ" అని ఎవరైనా అంటే ఆ మెట్లు ఎక్కకండి.

డబ్బు లేదంటే దిగులు పడాల్సింది లేదు. 1800-11-2356 టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేస్తే పొగాకు మానడానికి సలహా ఇస్తారు. కర్నూలు పెద్దాసుపత్రిలోనో, కడప రిమ్స్‌లోనో మానసిక వైద్య విభాగం ఓపీకి వెళ్లి అడగొచ్చు.

చివరగా ఉబ్బసానికి డెరిఫిల్లిన్ లాంటి మందులు వాడేవాళ్ల సంగతి. కెఫీన్ లాగే అందులోని థియోఫిల్లిన్‌ను కూడా పొగ తాగేవాళ్ల ఒళ్లు త్వరగా వదిలించేస్తుంది. మానిన కొద్దిరోజుల్లోనే అదే డోసు ఎక్కువై వాంతులు, గుండెదడ రావొచ్చు. మానసిక జబ్బుకు క్లోజపిన్, ఒలాంజపిన్ వాడేవాళ్లకూ ఇదే సమస్య. సిగరెట్ ఆపే తేదీ అనుకోగానే ఆ మందు రాసిన డాక్టర్‌కు చెప్పి, డోసు చూపించుకోండి.