అరకు ఘాట్‌లో అబద్ధమాడిన ముల్లు

మా ఓమ్నీ వ్యాన్ 2006 నాటిది. ముందు సీట్ల కిందే ఇంజిన్. 796 సీసీ, మూడు సిలిండర్లు. డిసెంబర్‌లో ఒక శనివారం పొద్దున్న ఆరింటికి అమ్మ, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, క్యారేజీ నిండా పులిహోరతో విశాఖ నుంచి అరకు బయల్దేరాం. దూరం 115 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మోకాళ్ళ నొప్పులని అమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టాను.

బొడ్డవర దాటి ఘాట్ మొదలయ్యిందో లేదో, ఒక గోతిలో బండి ఎగిరిపడింది. టెంపరేచర్ ముల్లు సగం దగ్గర్నుంచి ఒక్క గంతులో ‘హెచ్’ (బాగా వేడి) మీదకు పోయింది. అదే సమయానికి అమ్మ "ఒరేయ్, సీటు కింద పొయ్యి పెట్టినట్టుందిరా" అంది. ఓమ్నీలో ఆ సీటు ఎప్పుడూ అంతే, కానీ ఆ క్షణంలో అది గుర్తొస్తే కదా!

పక్కకి ఆపి అందర్నీ దింపాను. ఆవిరి లేదు, కూలెంట్ డబ్బాలో నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయి, కాలిన వాసనా లేదు. పది నిమిషాలాగి తాళం తిప్పితే ముల్లు మళ్ళీ సగానికి వచ్చేసింది. అయినా ధైర్యం చాలక వెనక్కి తిప్పి ఎస్.కోట (శృంగవరపుకోట)లో ఒక షెడ్డుకి తీసుకెళ్ళాను. అక్కడి కుర్రాడు సీటు కూడా ఎత్తకుండానే "రేడియేటర్ పోయింది సార్, నాలుగున్నర వేలు" అన్నాడు. కాదంటే "థర్మోస్టాట్ పీకేద్దాం, మన ఎండలకి దాంతో పనేంటి" అన్నాడు. ఈ మాట చాలా షెడ్లలో వింటాం. థర్మోస్టాట్ అంటే ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు. అది తీసేస్తే ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. వద్దని చెప్పి నీళ్ళు చూసుకుని మళ్ళీ బయల్దేరాం.

ఇక ఆ రోజంతా అదే తంతు. ఎక్కుతాం, ముల్లు లేస్తుంది, దిగుతాం, ముల్లు పడుతుంది. టైడా దగ్గర ఒకసారి, దముకు దగ్గర ఒకసారి, అనంతగిరి చేరేలోపు ఇంకో రెండుసార్లు. పిల్లలు మాత్రం ఆగిన ప్రతిచోటా కోతులకి పేర్లు పెడుతూ కులాసాగా ఉన్నారు. బొర్రా గుహల మలుపు వచ్చినా తిప్పే ధైర్యం లేకపోయింది. అరకు చేరేసరికి మూడున్నర.

బస ఊరి మధ్యలో ఒక లాడ్జిలో. 2,800 రూపాయలు. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి గానీ వేడినీళ్ళు పొద్దున్న ఏడు నుంచి ఎనిమిది వరకే, అదీ మనిషికో బకెట్. రాత్రి పదకొండు దాకా కింద టూరిస్టు బస్సుల హారన్లు. హోటళ్ళు, ఏటీఎం దగ్గర ఉండాలనుకునేవాళ్ళకి ఊళ్ళో దిగడమే సుఖం. మాలాంటి వాళ్ళకి అనంతగిరి నయం. దారిలోనే ఉంటుంది, కాఫీ తోటలు పక్కనే, రణగొణధ్వని తక్కువ. ఈసారి అక్కడే దిగుతాం.

మర్నాడు పొద్దున్న అద్దాల మీద మంచు కారుతోంది. నేను సామాను సర్దేలోపే అమ్మ శాలువా కప్పుకుని సీట్లో కూర్చుంది. తాళం తిప్పాను. ఇంజిన్ ఇంకా స్టార్ట్ కాలేదు, ముల్లు నేరుగా ‘హెచ్’ మీద! రాత్రంతా చలిలో నానిన బండి అది. అప్పుడు గానీ నాకు బల్బు వెలగలేదు. తప్పు నీళ్ళలో లేదు, వైర్లలో ఉంది.

లాడ్జి వాళ్ళు చెప్పిన ఒక పెద్దాయన షెడ్డు, తాటాకు పందిరి కింద. విషయం విని నవ్వాడు. "ఏటి బాబూ, చల్లటి నీళ్ళు రెండు సెకన్లలో మరుగుతాయా?" అన్నాడు. అమ్మని దింపి తాళం తిప్పితే ముల్లు ‘సి’ (చల్లన) దగ్గర బుద్ధిగా ఉంది. కాసేపు గడ్డం గోక్కుని, "అమ్మా, ఒక్కసారి కూకోండి" అన్నాడు. కూర్చుంది. ముల్లు లేచింది! మా ఆవిడ నవ్వాపుకోలేకపోయింది.

సీటు ఎత్తి చూపించాడు. ఇంజిన్ నీళ్ళ వేడి కొలిచే సెన్సార్ నుంచి మీటరుకి పోయే వైరు ఒకటే. అది సీటు ఫ్రేము అంచు కింద ఇరుక్కుని, పై తొడుగు ఒరుసుకుపోయి, గోరంత మేర రాగి తళతళలాడుతోంది. పోయిన సర్వీసులో సీటు మూసినప్పుడు పడి ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ సెన్సార్‌లో రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అడ్డు, తగ్గుతుంది. వైరు నేరుగా బాడీకి తగిలితే రెసిస్టెన్సే ఉండదు, దాంతో మీటరు ఇంజిన్ తగలబడుతోందనుకుంటుంది. ఆయన వైరుని సెన్సార్ నుంచి ఊడదీశాడు, ముల్లు ‘సి’ దగ్గరే. వైరు చివర ఇంజిన్ లోహానికి ఆనించాడు, ‘హెచ్’. అంటే మీటరు బాగుంది. టేపు చుట్టి, వైరుని ఫ్రేముకి దూరంగా కట్టాడు. 150 రూపాయలు తీసుకుని "అమ్మగారి బరువు కాదు, వైరుదే తప్పు" అని అమ్మకి కూడా క్లీన్‌చిట్ ఇచ్చాడు.

వెళ్ళే ముందు ఇంకో మాట చెప్పాడు. నీళ్ళు పూర్తిగా కారిపోయి సెన్సార్‌కి నీరు తగలకపోతే ముల్లు తక్కువే చూపించవచ్చు, అప్పుడు ఇంజిన్ నిజంగానే పోతుందట. అందుకే ఎన్నడూ డబ్బాలో నీళ్ళు చూడకుండా ఘాట్ ఎక్కొద్దన్నాడు. వేడి మీద రేడియేటర్ మూత తిప్పొద్దని కూడా.

గిరిజన మ్యూజియం గంటలో అయిపోయింది, పిల్లలకి బాగా నచ్చింది. సుంకరిమెట్ట కాఫీ తోటలో చెక్క వంతెన మీద జనం సెల్ఫీల కోసం క్యూ కట్టారు. తోట మాత్రం నిజంగా అందం, మిరియాల తీగలు చెట్లకి అల్లుకుని. తిరుగు దారిలో బొర్రా. లోపల మెట్లు బోలెడు, ఆదివారం రద్దీ. అమ్మ పైనే కూర్చుని కాల్చిన మొక్కజొన్న తింటూ మా కోసం ఎదురుచూసింది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని దింపకపోవడమే మంచిది. బయట బొంగు చికెన్ మాత్రం వదలొద్దు.

దిగేటప్పుడు రెండో గేరులోనే వచ్చాం. అమ్మ ముందు సీట్లోనే, ముల్లు సగం దగ్గరే. ఎస్.కోటలో ఆ షెడ్డు ముందు నుంచే పోయాం, ఆపలేదు. విశాఖ వచ్చాక వైరుకి ప్లాస్టిక్ గొట్టం తొడిగించి, ఇంజిన్ని ఆన్‌లోనే ఉంచి ఫ్యాన్ తిరిగేదాకా చూశాను. తిరిగింది.