పాత సామాన్ల అంగళ్లు: చూడటానికి ఐదు స్టార్లు, కొనడానికి రెండున్నర

నెల్లూరులో సంతపేట, చిన్న బజారు వైపు సందుల్లో పాత సామాన్ల అంగళ్లు తిరగడం నాకు చాలా ఏళ్ల అలవాటు. కావలికో ఒంగోలుకో పని మీద వెళ్లినా, పని అయ్యాక కాళ్లు అటే లాగుతాయి. కొత్తగా ఈ పిచ్చి పట్టినవాళ్లు ఏం కొనాలని అడుగుతుంటారు. ఇన్నేళ్ల మీదట నా మాట ఇదీ: వెళ్లండి, అన్నీ పట్టుకుని చూడండి, సరదాగా బేరం కూడా ఆడండి. మీ పొయ్యి ఎక్కని వస్తువును మాత్రం ఇంటికి తేకండి.

చూడటంలో ఉన్న సుఖం గురించే ముందు చెప్పాలి, దానికి పైసా ఖర్చు లేదు కాబట్టి. పాత ఇత్తడి, కంచు గిన్నెల అంచు మీద చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టించి ఉంటాయి. ఇంటిపేరు, పొడి అక్షరాలు, ఒక్కోసారి పెళ్లి తేదీ, లేదంటే ఎవరి జ్ఞాపకార్థమో. ఒకసారి ఒక పెద్ద గుండిగ మీద ‘కందుకూరు, నెల్లూరు జిల్లా’ అని కనిపించింది. కందుకూరు 1970లో కొత్త జిల్లాలోకి వెళ్లింది, ఆ జిల్లాకు ప్రకాశం అనే పేరు 1972లో వచ్చింది. 2022లో కందుకూరును మళ్లీ నెల్లూరు జిల్లాలో కలిపారు. అంటే ఆ అక్షరాలు కొట్టించింది 1970కి ముందైనా అయ్యుండాలి, నిన్న మొన్నైనా అయ్యుండాలి. అడుగున రాపిడి, చెవుల లోపలివైపు నున్నగా అరిగిన తీరు చూస్తే నిన్న మొన్నటిది కాదని తెలిసిపోతోంది. చాలాసేపు దాన్నే తిప్పి తిప్పి చూశాను. ఊరి బంతికి అన్నం వండే గుండిగ అది. మా ఇంట్లో ఉండేది నలుగురం. అంగడాయన “తీసుకుపోన్నా, రేపొస్తే ఉండదు” అన్నాడు. ఆయన ప్రతి వస్తువు గురించీ అదే అంటాడు. ఫోటో తీసుకుని వచ్చేశాను.

నిజానికి మనసు లాగేసేవి గుండిగలు కావు, చిన్న చిన్నవి. మరచెంబులు, తాంబూలప్పెట్టెలు, సోల, తవ్వ లాంటి కొలత పాత్రలు, ఇత్తడి కాఫీ ఫిల్టర్లు. చేతిలో ఇముడుతాయి, సంచిలో పడతాయి, ‘ఒక్కటేగా, ఏమవుతుందిలే’ అనిపిస్తాయి. మరచెంబు మూత తిప్పుతుంటే చివరి చుట్టులో మర బిగుసుకునే తీరుందే, దానికి లొంగకుండా బయటికి రావడం కష్టం. అందుకే నేను సంచి తీసుకెళ్లను, బండి మీదే వెళ్తాను. చేతిలో ఉన్న గిన్నెలో వచ్చే వారం ఏం వండుతానో చెప్పలేకపోతే దాన్ని కింద పెట్టేస్తాను. వీటన్నిటికీ మించిన అడ్డుకట్ట మా అమ్మ. “వీటిని తోమలేకే కదరా అప్పట్లో తూకానికేసి స్టీలు సామాన్లు తెచ్చుకుంది! మళ్లీ డబ్బులిచ్చి వాటినే మోసుకొస్తావా?” అంటుంది. ఆ ప్రశ్నకు నా దగ్గర ఈ రోజుకీ జవాబు లేదు.

కొన్నవాటిలో పూర్తి మార్కులు ఇనుప దోశ పెనానికే. తుప్పుతో ఎర్రబడి, ఎవరూ ముట్టని మూలన పడి ఉండేది. తుప్పు గీకి, చింతపండు, ఇటుక పొడితో తోమి, వెంటనే తడి ఆర్పి, నూనె రాసి కాల్చడం కొన్నాళ్లు చేశాక దారికొచ్చింది. ఇప్పుడు సగం ఉల్లిపాయతో రుద్ది పిండి పోస్తే దోశ దానంతటదే లేస్తుంది. మా ఇంట్లో నాన్‌స్టిక్ పెనం అటకెక్కి చాలా కాలమైంది. కొనేటప్పుడు పెనాన్ని చదునైన గచ్చు మీద పెట్టి అంచు నొక్కి చూడండి. ఊగితే వదిలేయండి, అలాంటి పెనం మీద దోశ ఒకచోట మాడి ఒకచోట పచ్చిగా ఉంటుంది. గుంత పొంగణాల పెనం లాంటి పోత ఇనుము సామానైతే వేలి గణుపుతో కొట్టి వినాలి. ఖంగుమంటే మంచిది, మోత చచ్చినట్టుంటే ఎక్కడో బీట ఉందని అనుమానించాలి.

ఇత్తడి దగ్గరే నా మార్కులు తగ్గాయి. మందపాటి ఇత్తడి గిన్నెలో పొంగలి అడుగంటకుండా నిదానంగా ఉడుకుతుంది, ఆ విషయంలో వంక పెట్టేది లేదు. కాని లోపల కళాయి, అంటే తగరం పూత, లేని ఇత్తడికి పులుపు తగలకూడదు. చింతపండో టమాటానో మజ్జిగో తగిలితే రాగి, జింకు వంటలోకి దిగుతాయి, గిన్నె చిలుము పడుతుంది. మన చేపల పులుసు రాత్రి వండి తెల్లారి తినేది. దానికి మట్టి చట్టే సరి, ఇత్తడి జోలికి పోవద్దు.

కళాయి వేయించడం చూడటానికి ఎంత బాగుంటుందో, వేసే మనిషిని వెతకడం అంత టెన్షన్. గిన్నెను బొగ్గుల మీద కాల్చి నవాసాగరం (అమోనియం క్లోరైడ్) పొడి చల్లగానే తెల్లటి పొగ లేస్తుంది. ఆ వేడి మీదే తగరం కడ్డీ తాకించి దూదితో లోపలంతా రుద్దుతారు. చూస్తుండగానే పచ్చటి గిన్నె లోపల వెండిలా తెల్లబడుతుంది. రోజూ వాడే గిన్నెకు దాదాపు ఏడాదికోసారి మళ్లీ వేయించుకోవాల్సిందే. తగరంలో సీసం కలిపితే పని చవకలో అయిపోతుంది గాని ఒంటికి చేటు, కాబట్టి నమ్మకమైన మనిషి దొరకాలి. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. ఖాళీ గిన్నెను పొయ్యి మీద పెట్టి మరిచిపోతే పూత కారిపోతుంది. స్టీలు గరిటెతో గీకినా పోతుంది. ఉదయగిరి చెక్క గరిటెలు మన జిల్లావే, వాటితో కలిపితే ఆ బాధ ఉండదు.

జాడీల గురించి ఎక్కువ చెప్పను. నీళ్లు నింపి రాత్రంతా కాగితం మీద ఉంచితే సన్న పగులుంటే బయటపడుతుంది. అందుకు ఒప్పుకోని అంగట్లో నేను జాడీ కొనను. లోపల రంగు పూత ఉన్న పాత జాడీలో ఊరగాయ పెట్టను. ఆ పూతల్లో సీసం ఉండొచ్చు, ఉప్పూ పులుపూ దాన్ని బయటికి లాగుతాయి.

ఈమధ్య హాల్లో అలంకరణకు కొనేవాళ్లు పెరిగారు, కొత్త ఇత్తడికి మందు పూసి నల్లబరిచి పాతదని అమ్మేవాళ్లూ తయారయ్యారు. నిజంగా వాడిన గిన్నె అంతటా ఒకేలా నల్లబడదు. చెయ్యి పడే చోట, నేలకు రాసుకునే చోట అరుగుతుంది, నగిషీ సందుల్లో మురికి మిగులుతుంది. పాతదని ఎక్కువ ధర చెబితే ముందు కాటా మీద పెట్టించండి. ఆ రోజు ఇత్తడి తూకం ధర ఎంతో పక్క అంగట్లో కనుక్కుని, తేడా మీకు సమ్మతమైతేనే బేరం మొదలుపెట్టండి.