ప్లాన్ చుట్టూ అందరూ కూర్చునే బల్ల: టచ్ టేబుల్‌తో పదకొండేళ్లు

ఈ టచ్ టేబుల్‌ను 2014లో కొన్నాను. 27 అంగుళాల తెర. చూడటానికి మామూలు ఆల్-ఇన్-వన్ కంప్యూటరే, కానీ వెనక స్టాండు మడిచేస్తే బల్లమీద పలకలా వెల్లకిలా పడుకుంటుంది. ఒకేసారి పది వేళ్లను గుర్తిస్తుంది. బరువు ఎనిమిది కిలోల పైనే. ధర లక్ష దాటింది, హైదరాబాద్ కొత్తపేటలో నా చిన్న ఆఫీసుకు అది పెద్ద ఖర్చే. నేను ఇంటి ప్లాన్లు గీసే సివిల్ ఇంజనీర్‌ని. ఇలాంటిది సెకండ్‌హ్యాండ్‌లో కొందామా, లేక పెద్ద టచ్ ప్యానెల్ తెచ్చి బల్లకు బిగిద్దామా అని ఈ మధ్య తోటి ఇంజనీర్లు అడుగుతున్నారు. అందుకే రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పేది ఈ రకం యంత్రం గురించి.

ఎందుకు కొన్నానో చెప్పాలంటే 1997కు వెళ్లాలి. చిక్కడపల్లిలో ఒక పెద్దాయన దగ్గర పనికి చేరాను. డ్రాయింగ్ బోర్డు, టీ-స్క్వేర్, ట్రేసింగ్ పేపర్, ఇంకు పెన్ను. గీత తప్పితే సగం బ్లేడుతో మెల్లగా గీకి చెరపాలి. ఇల్లు కట్టుకునేవాళ్లు వస్తే ఆ బోర్డు చుట్టూ నిలబడేవారు. 'ఇది వంటిల్లా సార్?' అని కాగితం మీద వేలు పెట్టి అడిగేవారు. రెండేళ్లకు ఆఫీసులోకి ఆటోకాడ్, అంటే కంప్యూటర్లో ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ వచ్చింది. పని మూడింతలు వేగమైంది, గీకుడు పోయింది. కానీ కస్టమర్ నా కుర్చీ వెనక్కి వెళ్లిపోయాడు. మౌస్ నా చేతిలో, తెర నా ముందు. ఆయన నా భుజం మీదుగా తొంగి చూడాలి. ఆయన వెనక భార్య, ఆమె వెనక అత్తగారు. వెనక ఉన్నవాళ్లకు ప్లాన్ కనిపించేది కాదు, అడగడానికి మొహమాటం. 'మీరెట్ల చెప్తే అట్లనే సార్' అని సంతకం పెట్టి వెళ్లేవారు. గోడలు లేచాక గొడవ మొదలయ్యేది.

బల్ల వచ్చాక మారింది సరిగ్గా ఇక్కడే. కొన్న మొదటి ఏడాది సంగతి. నూటయాభై గజాల స్థలం, తూర్పు ముఖం, వనస్థలిపురం దగ్గర. ఇంటిల్లిపాదీ వచ్చారు. ప్లాన్ బల్లమీద పరిచి మంచం, బీరువా, డైనింగ్ టేబుల్ బొమ్మలను వేలితో జరపొచ్చని చూపించాను. మాట్లాడిందంతా కొడుకే. చాలాసేపటికి వాళ్లమ్మ మంచం బొమ్మ మీద వేలు పెట్టి తన గదిలోకి లాక్కుంది. తల దక్షిణానికి పెట్టింది. కాసేపు చూసి, 'బిడ్డా, ఈ తలుపు తెరిస్తే నా మంచానికి కొట్టుకుంటది గదా?' అంది. నిజమే. అదే ప్లాన్‌ను నేను వారం రోజులు మానిటర్ మీద చూశాను, కొడుకు వాట్సాప్‌లో చూశాడు. ఎవరికీ కనపడలేదు. తలుపును రెండో గోడకు మార్చాం. ఇలాంటివి ఆ తరువాత చాలా జరిగాయి. ముఖ్యంగా ఆడవాళ్లు ప్లాన్‌లోకి చెయ్యి పెట్టడం మొదలయ్యాక వంటిళ్లు బాగుపడ్డాయి. సింకు ఎటు, సిలిండర్ ఎటు, పొద్దున ఎండ ఎటు నుంచి వస్తుందీ, ఇవన్నీ వాళ్లే చెప్తారు.

ఇక గీయడం గురించి. దీనిమీద ప్లాన్ గీయలేరు. తొమ్మిది అంగుళాల గోడకూ నాలుగున్నర అంగుళాల గోడకూ ఉన్న తేడా నా వేలి మొన కింద మాయమైపోతుంది. ఆటోకాడ్ బొత్తాలన్నీ మౌస్ కోసం చేసిన చిన్న చిన్న గుర్తులు, వేలికి దొరకవు. ఇప్పటికీ గీసేదంతా మామూలు కంప్యూటర్లో, మౌస్, కీబోర్డుతోనే. తెరమీద నేరుగా గీయడం మౌస్ కంటే ముందే పుట్టింది. 1963లో అమెరికాలోని ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ స్కెచ్‌ప్యాడ్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాం చేసినప్పుడు తెరమీద లైట్ పెన్ పెట్టి గీతలు గీశాడు. మౌస్‌ను డగ్లస్ ఎంగెల్‌బర్ట్ లోకానికి చూపించింది 1968 డిసెంబర్లో. చివరికి మా పనిలో మౌసే ఎందుకు నిలబడిందో, నిలువు తెరమీద చెయ్యి ఎత్తి అరగంట పనిచేస్తే తెలుస్తుంది. భుజం లాగేస్తుంది. తెరను పడుకోబెడితే భుజానికి హాయి, కానీ మెడ వంగుతుంది. గంటన్నర దాటితే నాకు మెడ పట్టేస్తుంది. అందుకే కస్టమర్లతో కూర్చోవడం గంటకు మించనివ్వను.

బల్ల అన్నాక నాలుగు వైపులా మనుషులుంటారు. గది పేరు ఒకరికి నేరుగా, ఎదుటివారికి తలకిందులుగా కనిపిస్తుంది. నా కంప్యూటర్‌కు అది అసలు తెలియదు. విండోస్ ఒక మనిషి, ఒక వైపు అనుకునే కట్టారు. గదుల పేర్లు తీసేసి బొమ్మలు పెట్టుకున్నాను, పూజ గదికి దీపం, వంటింటికి పొయ్యి. ఇంకో చిక్కు ఏమిటంటే, ఆ వేలు ఎవరిదో దానికి తెలియదు. ముగ్గురు ఒకేసారి జరిపితే అంతా కలగాపులగం. ఇది తీరని సమస్యేమీ కాదు. మిత్సుబిషి ఎలక్ట్రిక్ పరిశోధకులు 2001లోనే డైమండ్‌టచ్ అనే బల్ల చూపించారు. బల్ల నుంచి సన్నని సిగ్నల్ మనిషి ఒంట్లోంచి అతను కూర్చున్న కుర్చీకి చేరుతుంది, దాన్నిబట్టి ముట్టుకున్నది ఎవరో తెలిసిపోతుంది. 2007లో మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ పేరుతో 30 అంగుళాల బల్ల తెచ్చింది. కింద ప్రొజెక్టర్, ఐదు ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని కాంతి) కెమెరాలు. దానిమీద పెట్టిన వస్తువును కూడా గుర్తుపట్టేది. 2012లో సర్ఫేస్ అనే పేరు టాబ్లెట్లకు ఇచ్చేసి, బల్లను పిక్సెల్‌సెన్స్ అన్నారు. అంత మంచి ఆలోచనలు నాలాంటి చిన్న ఆఫీసు దాకా రాలేదని నాకు ఇప్పటికీ బాధే. బల్ల వచ్చిన 2007లోనే ఐఫోన్ కూడా వచ్చింది, అందరి చూపూ ఒక మనిషి చేతిలో పట్టే తెర మీదికి పోయింది. పదిమంది కలిసి చూసే తెర వెనకబడింది.

రోజువారీ ఇబ్బందులు కొన్ని. పడుకోబెట్టిన తెరలో సీలింగ్ ఫ్యానూ ట్యూబ్‌లైటూ అద్దంలోలా కనిపిస్తాయి. లైట్లను పక్క గోడలకు మార్చి, తెరకు మ్యాట్ ఫిల్మ్ అంటించాక తగ్గింది. చెమట చేతులతో మే నెలలో తడబడుతుంది. బ్యాటరీ మొదట్లో రెండు గంటలొచ్చేది, నాలుగో ఏడాదికి చచ్చింది.

అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది 2017లో. ఎవరూ ముట్టకుండానే తెర తనంతట తనే పనిచేసేది. గదులు జరిగేవి, ప్లాన్ పెద్దదయ్యేది, కస్టమర్లు నా మొహం చూసేవారు. సర్వీస్ సెంటర్ వాళ్లు మొత్తం ప్యానెల్ మార్చాలన్నారు, దాదాపు సగం ధర. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో ఒక కుర్రాడికి చూపిస్తే, అక్కడ అంతా బాగానే ఉంది. 'అన్నా, మీ ఆఫీసుల ఎర్తింగ్ ఉందా?' అని అడిగాడు. చూపిస్తే మా బిల్డింగులో ఆ సాకెట్‌కు ఎర్త్ వైరే కలపలేదు. ఈ తెరలు వేలి దగ్గర వచ్చే అతి చిన్న విద్యుత్ మార్పును కొలుస్తాయి. అడాప్టర్ నుంచి వచ్చే విద్యుత్ అలజడి ఎర్త్‌లోకి పోకపోతే, దాన్నే వేలు అనుకుంటాయి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ సరిచేయించాను, ఆ రోగం మళ్లీ రాలేదు. టచ్ తిక్కగా ఉంటే ప్యానెల్‌కు డబ్బు కట్టేముందు దయచేసి ఇది చూసుకోండి.

విండోస్ 8తో వచ్చిన యంత్రం, 10 దాకా ఎక్కింది. దీనిలోని మూడో తరం ఐ5 ప్రాసెసర్‌కు విండోస్ 11 రాదు. 2025 అక్టోబర్ 14తో 10కి అప్‌డేట్లు ఆగిపోయాయి, కాబట్టి నెట్ పూర్తిగా తీసేశాను. ప్లాన్‌ను పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేస్తున్నాను. చూపించడానికి ఇంకా చాలు.

బడుల్లో పెట్టే పెద్ద టచ్ బోర్డును పడుకోబెడదామనుకునేవాళ్లు ముందు దాని టచ్ ఏ రకమో అడగండి. వాటిలో చాలావాటికి చుట్టూ ఫ్రేములో ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు ఉంటాయి. చీర కొంగు వాలినా, కాగితం పెట్టినా బోర్డు దాన్ని వేలే అనుకుంటుంది. గోడకు బాగుంటుంది, బల్లకు వద్దు. నాలాంటిది పాతది కొంటే చార్జర్ పెట్టి ఒకసారి, తీసి ఒకసారి తెర అంచు నుంచి అంచు దాకా వేలితో అడ్డంగా, నిలువుగా గీతలు గీయండి. గీత తెగిన చోట టచ్ పోయినట్టే. చార్జర్ తీస్తే ఆగిపోతే బ్యాటరీ పోయింది, దానికి తగ్గట్టు బేరమాడండి.